శరణాగత రక్షణము - యుద్ధ నిర్ణయము

అహింసకు మించిన ధర్మము లేదని మన పెద్దలు బోధించిరి. ఆ పెద్దలే కోదండపాణియైన శ్రీరామచంద్రుని ధర్మమునకు ఆకృతియని కొలిచిరి. మన ఆలయములలో అనేకచోట్ల స్వామి పైచేతులతో శంఖచక్రములను ధరించి, క్రిందిచేతితో అభయమిచ్చుచు దర్శనమిచ్చును. చక్రము దాల్చిన హస్తమునకును అభయమొసగు హస్తమునకును విరోధము లేదా? యుద్ధమునకు ఆజ్ఞ ఇచ్చిన పరిపాలకుడు ధర్మపరుడు కాగలడా? కాగలడన్నచో, ప్రతి పాలకుడును తాను ధర్మయుద్ధమే చేయుచున్నానని చెప్పుకొనుటకు అడ్డమేమి?

ఈ ప్రశ్నకు గ్రంథములలో సమాధానము వెదకుట సులభము. కాని ధర్మము గ్రంథమున ఉన్నంత తేటగా లోకమున కానరాదు. కనుక మన కాలమున నిజముగా జరిగిన ఒక యుద్ధమును తీసికొని విచారింతము. 1971వ సంవత్సరమున ఆనాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధి తూర్పు బంగాళమున యుద్ధము చేయుటకు నిశ్చయించిరి. ఆ నిశ్చయము ధర్మసమ్మతమని ఈ వ్యాసకర్త అభిప్రాయము. అయితే అది ఎందుచేత ధర్మసమ్మతమో, ఎంతవరకు ధర్మసమ్మతమో విచారింపక, జయము కలిగినది గనుక ధర్మమే అనుట తగదు. రావణుడును అనేక యుద్ధములు జయించినవాడే.

ఒక తల్లి ప్రశ్న

అప్పటికి నాకు పదియేండ్లు. పాఠశాలలో శబ్దమంజరి, అమరకోశము వల్లించు వయస్సు. యుద్ధమన్నచో పిల్లలమైన మాకు తెలిసినవి రెండే విషయములు. ఇంటికి వ్రాసిన ఉత్తరపు కవరుపై మామూలు తపాలాబిళ్ళతోపాటు శరణార్థుల సహాయార్థము మరియొక అయిదు పైసల బిళ్ళ అంటించవలసి వచ్చెను. మా ఊరు సముద్రతీరమునకు దగ్గర గనుక రాత్రులందు దీపపు వెలుగు బయటకు పోకుండ కిటికీలకు నల్లకాగితము అతికించిరి. అంతకు మించి మాకేమియు తెలియదు.

యుద్ధము ముగిసిన కొలది దినములకు మా వీధిలోని ఒక ఇంటికి తంతి వచ్చెను. ఆ ఇంటి ఏకైక పుత్రుడు తూర్పు రంగమున మరణించెను. కొన్నాళ్ళకు ఆ తల్లి పాఠశాలకు వచ్చి మా గురువుగారి యెదుట అరుగుపై కూర్చుండెను. ఆమె ఏడువలేదు. "స్వామీ, ఎవరికో నీడ దొరికింది. నా ఇంట దీపం ఆరిపోయింది. ఇది ధర్మమేనంటారా?" అని మాత్రము అడిగెను.

మహాపండితుడైన మా గురువుగారు వెంటనే సమాధానము చెప్పలేదు. ఓదార్పు శ్లోకములేవియు చదువలేదు. "అమ్మా, ఈ మాట నీకంటె ముందు సీతమ్మవారే అడిగినారు" అని చెప్పి, శ్రీమద్రామాయణమున అరణ్యకాండము తీసిరి. ఆనాడు ఆయన చెప్పిన అర్థము నాకు పూర్తిగా బోధపడలేదు. ఏబదియేండ్లకు పైగా దానిని మననము చేయుచు వచ్చితిని. ఈ వ్యాసము దాని ఫలమే.

సీతమ్మవారి సందేహము

సందర్భము పాఠకులకు తెలిసినదే. దండకారణ్యమున రాక్షసుల బాధకు లోనైన మునులు శ్రీరామునికడకు వచ్చి, హతులైన తపస్వుల శరీరములను చూడుమని చెప్పి, శరణు వేడిరి. స్వామి వారికి అభయమిచ్చెను. సుతీక్ష్ణుని ఆశ్రమమునుండి బయలుదేరునప్పుడు సీతాదేవి భర్తను వినయముగా ప్రశ్నించినది. ఆ రాక్షసులు మనకు అపకారము చేయలేదు గదా, వైరము లేకుండ పరప్రాణములను హింసించుట దోషము గదా, అనునది ఆ తల్లి సందేహము. ఆయుధమును వెంట ఉంచుకొన్నవాని బుద్ధి క్రమముగా క్రూరమగునని చెప్పుచు, ఇంద్రుడు దాచుమని ఇచ్చిన ఖడ్గమును మోయుటచే తపస్సు పోగొట్టుకొన్న ఒక ముని కథను కూడ వినిపించినది.

ఈ ప్రశ్నను రాముడు తేలికగా త్రోసిపుచ్చలేదు. కోపగింపలేదు. స్నేహముతో హితము చెప్పితివని సంతోషించెను. పిమ్మట తన సమాధానము చెప్పెను. ఆర్తుల మొర వినబడకుండ చేయుటకే క్షత్రియుడు విల్లు ధరించునని, ఆ మునులు తమంతట తామే వచ్చి తన నీడను కోరిరని, ఇచ్చిన మాటను ప్రాణము పోయినను తప్పజాలనని దాని సారాంశము.

ఇందు గమనింపవలసిన సూక్ష్మము ఒకటి కలదు. రాక్షసులు నన్ను కొట్టిరి కావున కొట్టెదనని రాముడు చెప్పలేదు. శరణు కోరినవారి భయమును తొలగించుటయే యుద్ధమునకు కారణముగా చెప్పెను. ఆత్మరక్షణకై చేయు యుద్ధమును ఎవరైనను సమర్థింపగలరు. పరరక్షణకై చేయు యుద్ధమును గురించియే సీతమ్మవారి ప్రశ్న. 1971 నాటి యుద్ధమునకును ఇదే ప్రశ్న వర్తించును.

కోటిమంది శరణార్థులు

1970 డిసెంబరులో జరిగిన పాకిస్తాను ఎన్నికలలో తూర్పు భాగమునకు చెందిన 162 సాధారణ స్థానములలో 160 స్థానములను షేక్ ముజిబుర్ రహమాన్ నాయకత్వమున అవామీ లీగ్ గెలిచెను. దేశమును పాలించు హక్కు దానికి వచ్చెను. సైనిక పాలకుడైన జనరల్ యాహ్యాఖాను ఆ హక్కును ఇచ్చుటకు బదులు 1971 మార్చి 25 రాత్రి తన ప్రజలమీదికే సైన్యమును వదలెను. ఢాకా విశ్వవిద్యాలయమున విద్యార్థులను, అధ్యాపకులను చంపిరి. తరువాత గ్రామములు తగులబడెను. స్త్రీలకు జరిగిన అవమానము ఈ పత్రికలో వ్రాయదగినది కాదు.

ప్రాణములు దక్కించుకొనుటకు జనులు సరిహద్దు దాటి వచ్చిరి. సంవత్సరాంతమునకు వారి సంఖ్య ఇంచుమించు కోటికి చేరెను. వారిలో అధికులు హిందువులు, ముస్లిములును లక్షలలో కలరు. పశ్చిమ బంగాళము, అస్సాము, మేఘాలయ, త్రిపుర ప్రాంతములు వారితో నిండిపోయెను. త్రిపుర జనాభా ఆనాడు 15 లక్షల పైచిలుకు. అక్కడికి వచ్చినవారు సుమారు 14 లక్షలు. అనగా ఇంటివారెందరో అతిథులు ఇంచుమించు అందరు! శిబిరములలో కలరా ప్రబలినప్పుడు, సిరలలోనికి ఎక్కించు ద్రవము చాలనందున, బనగావ్ శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పును చక్కెరను కలిపిన నీటిని త్రాగించి అనేకుల ప్రాణములు నిలిపిరి. నేడు ప్రతి గృహమునకు తెలిసిన ఆ చికిత్స లోకమునకు రుజువైనది ఆ శిబిరములలోనే. అభయప్రదానమనగా మాట మాత్రము కాదు. అన్నము, మందు, గుడారము. ఉత్తరముపై మేము అంటించిన అయిదు పైసల బిళ్ళయు అందులో భాగమే.

అన్నము పెట్టి ఊరకుండరాదా, యుద్ధమెందులకు అని ఆనాడే కొందరు అడిగిరి. శిబిచక్రవర్తి కథను ఉదాహరించువారును ఉందురు. డేగనుండి తప్పించుకొని వచ్చిన పావురమునకై ఆయన తన తొడనే కోసి ఇచ్చెను గాని డేగను చంపలేదు. నిజమే. కాని శిబి కోసినది తన శరీరమును. పాలకుడు ఇచ్చునది త్రిపుర కూలివాని గింజను, కలకత్తా పేదవాని చోటును. తన మాంసమును ఎంతయైనను ఇయ్యవచ్చును. ప్రజల మాంసమును అంతము లేకుండ కోయుటకు రాజునకు అధికారము లేదు. పైగా శిబి కథలోని డేగ ఆకలిగొన్నది. దానికిని ఒక న్యాయము కలదు. 1971లో ఆయుధము పట్టినవారికి ఆకలి లేదు.

మరియొక విషయము. శరణార్థికి కావలసినది కేవలము గుడారము కాదు, భయము లేకుండ తన ఇంటికి తిరిగి పోగల స్థితి. విభీషణునికి రాముడు సముద్రతీరమున ఒక పర్ణశాల ఇచ్చి సరిపెట్టలేదు. లంక గెలువకముందే అతనికి రాజ్యాభిషేకము చేయించెను. ఇందిరాగాంధి ప్రభుత్వమును యుద్ధము ముగియకముందే, 1971 డిసెంబరు 6న, బంగ్లాదేశమును స్వతంత్ర దేశముగా గుర్తించెను. శరణాగతుని ఇల్లు శరణాగతునిదే అను ప్రకటన ఇది.

ఓపిక పట్టిన కాలము

ధర్మయుద్ధమునకు మరియొక లక్షణము, దానిని తుట్టతుది ఉపాయముగా ఎంచుట. శ్రీకృష్ణుడు రాయబారమునకు వెళ్ళినప్పుడు ఫలితము తెలియక వెళ్ళలేదు. అయిదూళ్ళతోనైనను సంధి కుదురునేమో యని లోకము ఎదుట ప్రయత్నింపవలసిన కర్తవ్యము కలదు గనుక వెళ్ళెను. లంకలోనికి పోయిన అంగదుని విషయమును అట్టిదే.

1971 మార్చి 31న మన పార్లమెంటు తూర్పు బంగాళ ప్రజలకు సానుభూతి తెలుపుచు తీర్మానము చేసెను. వెంటనే యుద్ధమునకు పొండని అనేకులు ఒత్తిడి చేసిరి. సేనాధిపతి మానెక్‌షా వర్షాకాలము గడచువరకు గడువు కోరినట్లు తరువాతి కాలమున చెప్పిరి. ప్రధానమంత్రి ఆ మాట మన్నించిరి. ఆ నిదానములో యుద్ధతంత్రమును కలదు, దానిని దాచనక్కరలేదు. కాని ఆ నెలలు వృథాగా పోలేదు. సర్వోదయ నాయకుడైన జయప్రకాశ్ నారాయణ్ అనేక దేశముల రాజధానులకు పోయి బంగాళ ప్రజల గోడు వినిపించిరి. ఆగస్టు 9న సోవియట్ రష్యాతో మైత్రీ సంధి జరిగెను. అక్టోబరు, నవంబరు మాసములలో ఇందిరాగాంధి స్వయముగా బెల్జియము, ఆస్ట్రియా, ఇంగ్లాండు, అమెరికా, ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ దేశములకు వెళ్ళి, యాహ్యాఖానును రాజకీయ పరిష్కారమునకు ఒప్పింపుడని కోరిరి. సానుభూతి కొంత దొరకెను. డబ్బును కొంత దొరకెను. హింసను ఆపగల ఒత్తిడి మాత్రము దొరకలేదు. అమెరికా అధ్యక్షుడు నిక్సను పాకిస్తాను పక్షముననే నిలిచెను. ఢాకాలోని అమెరికా కాన్సులేటు కార్యాలయ ఉద్యోగులే ఏప్రిల్‌లో తమ ప్రభుత్వ మౌనమును నిరసించుచు తంతి పంపిరన్నచో ఇక చెప్పవలసినదేమి?

ఆక్షేపణలు

ఇంతవరకు చెప్పినది సమర్థన. ఎదుటివారి వాదమును వినక తీర్పు చెప్పుట శాస్త్రపద్ధతి కాదు. పూర్వపక్షమును బలహీనముగా చెప్పి సిద్ధాంతమును గెలిపించుట పండితులకు అవమానము.

మొదటి ఆక్షేపణ: అది పరదేశపు ఇంటి విషయము. 1971 డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో కాల్పులు ఆపి సైన్యములను వెనుకకు తీసికొనవలెనని 104 దేశములు ఓటు చేసెను. మన పక్షమున ఎదిరించినవి 11 మాత్రమే. లోకమంతయు కాదన్న పని ధర్మమెట్లగును? పొరుగింటిలో భార్యాభర్తల కలహమైనచో మనము తలదూర్చము. కాని ఆ ఇల్లాలు నెత్తురోడుచు పిల్లలతో మన వసారాలోనికి వచ్చి పడినచో అది ఇంకను వారి ఇంటి విషయమే అని తలుపు మూయుదుమా? ఇక సంఖ్య మాట. విభీషణుని చేర్చుకొనరాదని సుగ్రీవుడు మొదలైన అనేకులు పలికిరి, చేర్చుకొనవచ్చునన్నవాడు హనుమంతుడు. రాముడు తలలు లెక్కింపలేదు. అయినను ఈ ఆక్షేపణ పనికిమాలినది కాదు. బలవంతుడైన ప్రతి రాజును ఏదో నెపముతో పొరుగు దేశమున ప్రవేశించినచో చిన్న దేశములకు రక్షణ యేది? కావుననే ఇట్టి యుద్ధమును కఠినమైన పరీక్షకు నిలుపవలెను.

రెండవ ఆక్షేపణ: యుద్ధమును వారు ప్రారంభించిరనుట పూర్తి సత్యము కాదు. డిసెంబరు 3 సాయంకాలమున పాకిస్తాను విమానములు మన పశ్చిమ విమానాశ్రయములపై దాడి చేసిన మాట నిజమే. కాని అంతకు ముందే ముక్తివాహిని యోధులకు మన దేశమున శిక్షణ ఇచ్చిరి. నవంబరు మాసముననే గరీబ్‌పూర్ వంటి చోట్ల మన సైన్యము సరిహద్దు దాటెను. దీనిని ఒప్పుకొనవలెను. ఈ వ్యాసకర్త సమర్థన ఎవరు ముందు కొట్టిరను దానిపై ఆధారపడలేదు. ఎవరికొరకు ఆయుధము పట్టిరను దానిపై ఆధారపడినది. అసత్యముతో ధర్మమును రక్షింపనక్కరలేదు.

మూడవ ఆక్షేపణ: శరణార్థులమీది దయ పైమాట, శత్రుదేశమును రెండుగా చీల్చుటయే లోపలి మాట. దేశప్రయోజనము ప్రధానమంత్రి మనస్సున లేదని ఎవరు చెప్పగలరు? ఉండియే యుండును. మానవుల కర్మలలో కలగని ఉద్దేశము అరుదు. హృదయమును చూడగలవాడు అంతర్యామి ఒక్కడే. మనము చూడగలిగినది కర్మ. లోభముతో యుద్ధము చేసినవాడు గెలిచిన పిమ్మట తెలిసిపోవును.

గెలిచిన పిమ్మట

1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సేనాని నియాజీ లొంగిపోయెను. యుద్ధము జరిగినది పదమూడు దినములు. సుమారు 93,000 మంది మన అధీనమునకు వచ్చిరి. పశ్చిమ రంగమున ఇంకను యుద్ధము సాగింపగల స్థితి మనకుండెను. సాగింపుడన్నవారును ఉండిరి. ఆ దినముననే ప్రధానమంత్రి పశ్చిమమున ఏకపక్షముగా కాల్పుల విరమణ ప్రకటించిరి. 17వ తేదీ రాత్రి తుపాకులు ఆగెను.

1972 మార్చి మధ్యనాటికి మన సైన్యము బంగ్లాదేశమునుండి వీడ్కోలు తీసికొని వెనుకకు వచ్చెను. శరణార్థులలో అత్యధికులు అప్పటికే తమ ఊళ్ళకు చేరిరి. 1972 జూలై 2న సిమ్లాలో జరిగిన ఒప్పందము ప్రకారము, జమ్ము కాశ్మీరమందలి నియంత్రణ రేఖ విషయము తప్ప, అంతర్జాతీయ సరిహద్దు దాటి గెలిచిన వేలాది చదరపు కిలోమీటర్ల భూమిని తిరిగి ఇచ్చివేసిరి. బందీలను 1974 నాటికి వారి దేశమునకు పంపిరి. ఇంత ఔదార్యము తగదని నేటికిని విమర్శించువారు కలరు. ఆ విమర్శయే మన వాదమునకు సాక్ష్యము. లంకను జయించిన రాముడు దానిని తనకు ఉంచుకొనలేదు. రావణునికి అంత్యక్రియలు చేయుమని విభీషణుని ప్రోత్సహించెను. శరణాగతుని పని పూర్తియైన దినమున విల్లు దించుటయే ధర్మయుద్ధమునకు ముద్ర.

విశాఖపట్నము తీరమున విజయ స్మారకమును చూచిన యాత్రికులు అనేకులు ఉందురు. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ అను పాకిస్తాను జలాంతర్గామి ఆ తీరమునకు సమీపముననే తొంబదిమందికి పైగా నావికులతో మునిగిపోయెను. మన నగరమును, నౌకలను నాశనము చేయవచ్చినవారే వారు. అయినను వారును తల్లుల బిడ్డలే. ఆ నౌక శిథిలములను మన నౌకాదళము ఇటీవల గుర్తించియు, మృతులయందలి గౌరవముతో కదలింపక విడిచినట్లు 2024లో వార్త వచ్చెను. చదివి నా మనస్సు చల్లబడినది. ఆయుధము మోసినను ఆ ముని వలె హృదయము పోగొట్టుకొననివారు కలరని తెలిసెను.

ఒక మాట స్పష్టము చేయవలెను. ఒక నిర్ణయమును సమర్థించుట, ఆ వ్యక్తి చేసిన సమస్తమును సమర్థించుట కాదు. 1975లో ఆ ప్రధానమంత్రియే అత్యవసర పరిస్థితి విధించి, నాలుగేండ్ల క్రిందట బంగాళ ప్రజలకొరకు తిరిగిన జయప్రకాశ్ నారాయణ్‌ను చెరసాలలో ఉంచిరి. ఆర్తుల మొర విన్న చెవి తన ప్రజల మొరకు మూసికొనవచ్చును. కావున వ్యక్తిని కాదు, కర్మను విచారింపవలెను. అట్లే బంగ్లాదేశముతో మన మైత్రి తరువాతి కాలమున ఆటుపోటులు చూచినది. దానిచే ఆనాటి ధర్మము తగ్గదు. కృతజ్ఞతను కొనుటకై అభయమిచ్చినచో అది వ్యాపారమగును.

ఆ తల్లికి సమాధానము

ఇక మిగిలినది మా వీధి తల్లి ప్రశ్న. శిబి తన తొడను కోసెను; పాలకుడు ప్రజల మాంసమును కోయరాదని పైన వ్రాసితిని. యుద్ధమునకు పంపినదియు ప్రజల బిడ్డలనే గదా! మన సైనికులు సుమారు 3,800 మంది ఆ యుద్ధమున అసువులు బాసిరి. ఏ సిద్ధాంతముతో ఈ లెక్క సరిపుత్తుము?

సరిపుచ్చరాదని నా గురువుగారి నిశ్చయము. యుద్ధము ధర్మమైనంత మాత్రమున దుఃఖము తీరదు. కురుక్షేత్రమున గెలిచిన ధర్మరాజు సింహాసనము చూచి సంతోషింపలేదు. శాంతిపర్వమంతయు ఆయన శోకముతోనే ఆరంభమగును. ఆ శోకము ఆయన ధర్మమునకు మచ్చ కాదు, రక్ష. యుద్ధమును ఆజ్ఞాపించి శోకింపని పాలకుడు రెండవ యుద్ధమును సులభముగా ఆజ్ఞాపించును.

ఆనాడు గురువుగారు సీతారాముల సంవాదమును వినిపించి, పుస్తకము మూసి ఆ తల్లితో ఇట్లనిరి: "అమ్మా, నీ కొడుకు చేసింది ధర్మమే. నీకు జరిగింది మాత్రం తీరని నష్టమే. ఈ రెండూ నిజాలే. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని నీచేత మరిపించలేను." ఆమె చాలసేపు మౌనముగా కూర్చుండి, లేచి, వాకిట ఆడుకొనుచున్న మా తలలు నిమిరి వెళ్ళెను. మరునాటినుండి ప్రతి ఏకాదశికి పాఠశాల పిల్లలకు ఫలహారము ఆమె ఇంటినుండియే వచ్చెడిది. ఆమె జీవించినంతకాలము ఆ నియమము తప్పలేదు.

పాఠక మహాశయులారా! ఏ పాలకుడు యుద్ధమన్నను ముందుగా సీతమ్మవారి ప్రశ్నను అడుగుదము. శరణు వేడినవారెవరు? సామము నిజముగా ముగిసినదా? గెలిచిన పిమ్మట విల్లు దించెదరా? ఈ మూడింటికి సమాధానము లేని యుద్ధమునకు రాముని పేరు పెట్టరాదు. 1971 నాటి నిర్ణయము ఈ మూడింటికి సమాధానము చెప్పగలిగినది. అందువలననే అది ధర్మసమ్మతమైనది. అభయహస్తమునకు తోడుగానే చక్రమును ధరించిన శ్రీమన్నారాయణుడు మన పాలకులకు ఆ వివేకమును, బిడ్డలను కోల్పోయిన తల్లులందరికి శాంతిని ప్రసాదించుగాక!